మెట్ల కింద గొయ్యి

మంగళవారం పొద్దున ఎనిమిదింటికి సగ్రారియో వేసుకున్న పథకం చాలా చిన్నది. మెట్ల కింద సామాన్ల కొట్లో నాలుగు పలకలు పగలగొట్టాలి, నీళ్లు పోయే గొట్టం వేయాలి, దాని మీద స్నానాల గది లేపాలి. శుక్రవారం పదకొండింటికి అత్తగారు కసీల్దా తుంటికి కొత్త కీలుతో ఆస్పత్రి నుంచి వస్తుంది. తొంభై నాలుగేళ్ల మనిషి మేడ మెట్లెక్కలేదు. కింద స్నానాల గది లేకపోతే అంబులెన్సు అట్నుంచి అటే నలభై కిలోమీటర్ల అవతల ఉన్న వృద్ధాశ్రమానికి పోతుందని ఆస్పత్రివాళ్లు కాగితం మీద రాసిచ్చారు. కసీల్దా ఆ కాగితం చదివి "సరే, పంపండి" అంది. ఆ రోజు నుంచి పెట్టిన సూపు పెట్టినట్టే ఉంటోంది.

ఎనిమిదింబావుకి మేస్త్రీ మెలితోన్ గునపం ఎత్తి వేశాడు. గునపం దిగింది. దిగి ఆగలేదు. అతని చేతుల్లోంచి జారిపోయి, అడుగున ఎక్కడో ఠంగుమంది.

మెలితోన్ బోర్లా పడుకుని సెల్‌ఫోను దీపం వేశాడు. ఎర్ర ఇటుకల కమాను, కిందికి మూడు మెట్లు, చదును చేసిన నేల.

"నేనేం చూళ్లేదు," అన్నాడు మెలితోన్.

"మేమూ చూళ్లేదు," అంది సగ్రారియో. పక్కన నిలబడ్డ మొగుడు ఎవుసేబియో తలూపాడు.

స్పెయిన్‌లోని తొలేదోలో దీన్ని అబద్ధం అనరు. ఈ ఊళ్లో గునపం వేస్తే యూదులో, అరబ్బులో, వాళ్లిద్దరికంటే ముందొచ్చిన రాజులో ఎవరో ఒకరు తగలక మానరు. తగిలారని నోరు జారితే పురావస్తు ఆఫీసు దిగి పని ఆపేస్తుంది. నాలుగిళ్ల అవతల మంగలి కొట్టులో ఆరేళ్ల కిందట ఒక స్తంభం తల బయటపడింది. ఇవాళ్టికీ జనం ఆ గోతి మీద వేసిన చెక్క మీదుగా నడిచెళ్లి గడ్డం గీయించుకుంటున్నారు. రాళ్లను కాపాడ్డానికి ఈ ఊళ్లో ఒక ఆఫీసుంది, అందులో కుర్చీలున్నాయి, రబ్బరు స్టాంపులున్నాయి. ముసలమ్మ తుంటికి ఏ ఆఫీసూ లేదు.

"నువ్వెళ్లి గుమ్మంలో నిలబడు," అంది సగ్రారియో మొగుడితో. "ఎవర్నీ రానీకు. మాట్లాడకు."

ఎవుసేబియో ముప్ఫయ్యేళ్లు సిటీ బస్సు నడిపి రిటైరైనవాడు. నిలబడమంటే నిలబడగలడు. మాట్లాడకుండా ఉండటమే చేతకాదు. పదింటికి గైడు ఫౌస్తీనో పసుపుపచ్చ గొడుగు ఎత్తి పట్టుకుని, వెనక ఇరవైమంది యాత్రికుల్ని వేసుకుని వచ్చాడు.

"ఏంటి ఎవుసేబియో, పొద్దున్నే గుమ్మానికి కాపలా కాస్తున్నావ్?"

"ఏం లేదు. మా ఇంట్లో చూడ్డానికేం లేదు."

ఫౌస్తీనో ఆగిపోయాడు. పిల్లి పడుకునే సందుకి కూడా ఒక రాజు పేరు తగిలించే ఊరది. అక్కడ పుట్టినవాడెవడూ అనని మాట ఎవుసేబియో అన్నాడు. లోపల్నుంచి దుమ్ము మేఘంలా వస్తోంది. ఫౌస్తీనో కిటికీ ఊచల మధ్య ముక్కు పెట్టి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"అందరూ ఇలా రండి. నిశ్శబ్దంగా. పన్నెండో శతాబ్దపు యూదుల స్నానఘట్టం."

"అది సామాన్ల కొట్టయ్యా," అన్నాడు ఎవుసేబియో.

"యజమాని వినయం చూడండి," అన్నాడు ఫౌస్తీనో.

వాళ్లు వెళ్లాక సగ్రారియో బయటికొచ్చి మొగుడి వైపు చూసిన చూపు ఇక్కడ రాయడం కుదరదు. ఇంకెవరూ రాకుండా తనే అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో "పనులు జరుగుతున్నాయి. ప్రవేశం లేదు" అని రాసి తలుపుకి కట్టింది. అది ఇంకా పెద్ద తప్పు. తొలేదోలో అలాంటి బోర్డు మామూలు ఇంటికి ఎవడు కడతాడు? చర్చిలకీ కోటలకీ కడతారు. మధ్యాహ్నానికల్లా వీధిలో వరస కట్టారు.

బుధవారం రెండో గైడు బ్లాంకా వచ్చింది. ఆమెకూ ఫౌస్తీనోకూ మాటల్లేవు. అతనేం చెబితే దానికి ఎదురు చెప్పడమే ఆమెకు పొట్టకూడు.

"స్నానఘట్టమా, నా మొహమా. ఇటుక చూస్తే తెలీడంలా? మసీదులో ప్రార్థనకి ముందు కాళ్లు కడుక్కునే చోటిది."

"మసీదా? ఈ సందులోనా? మీ తాతగారు కట్టించారా?" ఫౌస్తీనో వెనక వరసలోంచి అడిగాడు.

"మీ తాత కాళ్లు కడుక్కుని ఉంటే తెలిసేది."

గురువారానికి ఇద్దరి కథలూ నచ్చని ఒక రిటైర్డు పంతులు, అది క్రైస్తవ సాధువు సమాధి అని తేల్చి కిటికీ గట్టు మీద కొవ్వొత్తి వెలిగించి పోయాడు. లోపల మెలితోన్ ఒక్క పలక వేయలేకపోయాడు. సుత్తి ఎత్తినప్పుడల్లా కిటికీలోంచి పదిమంది "మెల్లగా, మెల్లగా" అంటున్నారు.

"నేను మరుగుదొడ్లు కట్టేవాణ్ని," అన్నాడు మెలితోన్ దిగులుగా. "ఒకావిడ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది."

ఆ సాయంత్రమే పురావస్తు ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. శుక్రవారం పదకొండింటికి తనిఖీ.

శుక్రవారం పొద్దున ఎవుసేబియోకి ఒక ఆలోచన వచ్చింది. గొయ్యి కొత్తదిలా కనబడాలి. విరిగిన ప్లాస్టిక్ కుర్చీ, పాత మాపు, రెండు ఖాళీ రంగు డబ్బాలు అందులోకి విసిరేశాడు. తనిఖీ అధికారి అంపారో, పొట్టి మనిషి, లావుపాటి కళ్లద్దాలు, మూడు మెట్లూ దిగి మాపు పైకెత్తి చూపింది.

"ఇదెప్పటిది?"

"చాలా పాతదండీ," అన్నాడు మెలితోన్ కంగారులో.

అంపారో మాపుని పక్కన పెట్టింది. కమానుని కొలిచింది, ఇటుకని గోకింది. "ఇటుక పదమూడో శతాబ్దానిది," అంది. "పని ఆపండి. నిపుణులు వచ్చి చూసేదాకా. ఏడాదిన్నర పట్టొచ్చు."

సగ్రారియో గోడకి ఆనుకుంది. సరిగ్గా అప్పుడే బయట అంబులెన్సు ఆగింది. చక్రాల కుర్చీలో కసీల్దాని తోసుకుంటూ అంబులెన్సు మనిషి లోపలికొచ్చాడు. చేతిలో కాగితం, చెవి మీద పెన్ను.

"కింద స్నానాల గది ఉందా? ఉందంటే ఇక్కడ దింపుతా. లేదంటే బండి నేరుగా ఆశ్రమానికే."

కసీల్దా మెట్ల కిందికి చూసింది.

"మామయ్య గది తవ్విందెవర్రా?"

"ఏ మామయ్యమ్మా?" అన్నాడు ఎవుసేబియో.

"ప్రుదెన్సియో మామయ్య."

"మనకి ఆ పేరుతో మామయ్య లేడు కదా."

"నువ్వు పుట్టకముందే తినేశాం," అంది కసీల్దా.

కిటికీ దగ్గర మూగినవాళ్లలో ఎవరో దగ్గారు.

"పందిరా," అంది కసీల్దా. "నలభై తొమ్మిదిలో నేనీ ఇంటికి కాపురానికొచ్చాను. రొట్టె కూడా రేషను కార్డు మీదే. పందిని పెంచామని తెలిస్తే సర్కారువాళ్లు పట్టుకుపోయేవాళ్లు. మీ నాన్న ఈ గొయ్యి తవ్వి, యుద్ధంలో కూలిన గోడల ఇటుకలు సంచుల్లో మోసుకొచ్చి కట్టాడు. పైకి పంది అనకూడదు కదా, మామయ్య అనేవాళ్లం. మామయ్య తిన్నాడా, మామయ్యకి ఒంట్లో ఎలా ఉంది అని. చివరికి పక్కింటివాళ్లు కూడా పలకరించేవాళ్లు. మామయ్య పోయాడని చెబితే పరామర్శకొచ్చారు పాపం. మేం నోట్లో సాసేజి పెట్టుకుని ఏడవాల్సొచ్చింది."

మూడు రోజుల పాటు అక్కడ యూదుల్ని స్నానం చేయించిన ఫౌస్తీనో బ్లాంకా వైపు చూశాడు. మసీదు కట్టిన బ్లాంకా ఆకాశం వైపు చూసింది. ఇద్దరూ ఒకే పక్క నుంచి జారుకున్నారు. వాళ్ల మధ్య మాటలు కలిసింది ఆ రోజే.

"విన్నారుగా మేడమ్," అన్నాడు ఎవుసేబియో. "పంది. శతాబ్దాలూ లేవు, పాడూ లేదు. గొట్టం వేసుకోవచ్చుగా?"

అంపారో కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "స్నానఘట్టాలు మా దగ్గర ఉన్నాయి. నీటి తొట్లకి లెక్కే లేదు. ఆకలి రోజుల్లో దొంగచాటుగా పందిని దాచిన గది ఒక్కటీ మిగల్లేదు. భయంతో అందరూ పూడ్చేశారు. దీన్ని ముట్టుకోనివ్వను."

అంబులెన్సు మనిషి చెవి మీది పెన్ను తీశాడు. అప్పటిదాకా హుషారుగా మాట్లాడిన కసీల్దా కుర్చీలో చిన్నదైపోయింది.

"పోనీలే సగ్రారియో, ఏడవకు," అంది. "అక్కడ కూడా మనుషులే ఉంటారు."

"మీరెక్కడికీ పోరత్తయ్యా," అంది సగ్రారియో. ఎలా పోకుండా ఉంటుందో మాత్రం ఆమెకి తెలియలేదు.

అంపారో కాసేపు కిందే నిలబడి, మెట్టు మీద కూర్చుంది. "ఒకటి అడుగుతాను అవ్వా. వాసన ఎవరికీ రాలేదా?"

"ఎందుకొస్తుంది అమ్మాయ్? రోజుకి రెండుసార్లు స్నానం చేయించేదాన్ని. మాకు లేని సబ్బు దానికుండేది."

"ఆ నీళ్లన్నీ ఎటు పోయేవి?"

"ఆ మూల రాయి ఎత్తు. తూముంది. వీధి కాలవలో కలుస్తుంది."

మెలితోన్ గోతిలోకి దిగి రాయి ఎత్తాడు, బక్కెట్టు నీళ్లు గుమ్మరించాడు. గుడగుడమని మొత్తం పోయాయి. "నేను వేసే గొట్టం కన్నా నయం," అన్నాడు.

అంపారో సంచిలోంచి చట్టం పుస్తకం తీసి వేలు పెట్టి చదివింది. "రక్షిత స్థలాన్ని మొదటినుంచీ ఏ పనికి వాడారో ఆ పనికే వాడాలి. మార్చకూడదు." తల ఎత్తింది. "మొదటినుంచీ ఇక్కడ జరిగిందేమిటి?"

"స్నానం," అంది కసీల్దా.

అంపారో మొహంలో ఏ మార్పూ లేదు. రాసింది, స్టాంపు కొట్టింది. ఇటుక కదపకుండా గోతి మీద చిల్లుల పలక వేసుకోవాలి, నీళ్లు పాత తూములోకే పోవాలి. ఇంకా కట్టని స్నానాల గదికి ప్రభుత్వ ముద్ర పడింది. అంబులెన్సు మనిషి ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, దింపినట్టు సంతకం పెట్టించుకుని పోయాడు. కసీల్దా ఆకలేస్తోందంది.

ఆ కాగితంలో గదిని వాడుకున్నవాళ్ల పేర్లకి రెండు గడులున్నాయి. మొదటిదాంట్లో ప్రుదెన్సియో అనీ, రెండోదాంట్లో కసీల్దా అనీ రాశారు. వృత్తి అని అడిగిన చోట ఇద్దరికీ గీతే గీశారు.