తిరిగొస్తానని ఆధారం

ముందే చెప్పేస్తాను, తర్వాత దాచానని అనకండి. నాకున్న భయాల్లో పెద్దది ఇది. ఇంగ్లీషు టీచరు శిక్షణకని పరాయి దేశం వెళ్లి ఏడాదికి తిరిగొస్తే, నా కూతురు వాళ్ల నాన్న కాళ్ల వెనక్కి నక్కి "ఈవిడెవరు?" అని అడగడం. (విమానం పడిపోవడం రెండో స్థానంలో ఉంది.)

ఆ దేశానికి ఇంకో భయం. నేను అసలు ఇంటికి తిరిగే వెళ్లనని. ఇలాంటి భయాలు తీర్చడానికే మానవజాతి తిరుగు ఉద్దేశాల నిర్ధారణ కార్యాలయాన్ని స్థాపించింది. నిప్పు, చక్రం తర్వాత మనిషి సాధించిన ఘనకార్యం ఇదేనని దాని గోడ మీద రాసుంది. కుర్చీలు మాత్రం ఇంకా కనిపెట్టలేదు.

నేను ఇంటర్ మధ్యలో మానేశాను. పెళ్లి, వెంటనే మా పిడుగు. శిక్షణ సంస్థవాళ్లు దానికేం అనలేదు. చిన్నపిల్లలకు చెప్పడానికి పెద్ద చదువులు అక్కర్లేదు, ఓపికుంటే చాలన్నారు. వచ్చేలోపు ఇంట్లో ఎవరో ఒకరి మీద సాధన చెయ్యమన్నారు. నెమ్మదిగా, చేతులు చూపిస్తూ, నవ్వుతూ.

మా ఆయన "సిట్ డౌన్" అనకముందే పడుకుంటారు. అత్తయ్య "నా ఇంట్లో నన్ను కూర్చోమనడానికి నువ్వెవరే?" అన్నారు. ఇక మిగిలింది పిడుగే. మూడేళ్లు నిండలేదు గానీ అన్నీ పట్టేసింది. పట్టేసి మా మీదే తిప్పింది. అది "హ్యాండ్స్ అప్" అంటే ఇప్పుడు అత్తయ్య గరిటెతో సహా చేతులెత్తుతారు.

అందరం కలిసి ఆ కార్యాలయానికి వెళ్లాం. మూడో కిటికీలో తిరుగు ఉద్దేశాల ఉప పరిశీలకుడు కూర్చున్నారు.

"తిరిగొస్తారని ఆధారం ఏంటమ్మా? ఇల్లు మీ పేరు మీదుందా?"

"లేదండి."

"ఉద్యోగం?"

"దానికోసమే వెళ్తున్నానండి."

"పొలం గిలం?"

"లేదండి."

"మరెందుకొస్తారు?" అన్నారు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

పిల్లని ఎత్తి గట్టు మీద కూర్చోబెట్టాను. "ఇది ఉందండి."

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఒరిజినలేనా?"

"ఒరిజినలేనండి."

"దరఖాస్తు ఫోటోలో జుట్టు లేదే?"

"పెరిగిందండి."

"ఆధారాలు పెరగకూడదమ్మా." (పరిశీలన ముగిసేదాకా ఆధారం యథాతథంగా ఉండాలని నియమం. పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పరు.)

ముద్ర కోసం ఆయన లేవబోయారు. పిడుగు వేలు చూపించి "సిట్ డౌన్!" అంది. కూర్చున్నారు. నా వెనక వరసంతా నేల మీద చతికిలబడింది. ఆ కార్యాలయ చరిత్రలో ప్రజలు కూర్చోవడం అదే మొదలట.

"గుడ్ జాబ్," అంది పిడుగు.

"ఎవరు నేర్పారమ్మా నీకు?" అన్నారాయన, గొంతు తగ్గించి.

"అమ్మ," అని నన్ను చూపించింది.

'బలమైన ఆధారం' అని రాసుకున్నారు. నా జన్మలో నాకొచ్చిన మొదటి ఫస్టు క్లాసు అది.

"అయితే ఒకటమ్మా. వెంట తీసుకెళ్తే అది ఆధారం కాదు, లగేజీ. ఇంట్లో ఉంచితే, రేపు మీవాళ్లు మీ దగ్గరికి పంపించేస్తే? ఒరిజినల్ ఇక్కడే ఉంచాలి. తిరిగొచ్చి రసీదు చూపిస్తే ఇచ్చేస్తాం."

అత్తయ్య ముందుకొచ్చారు. "పిల్లనుకున్నావా, ఫైలనుకున్నావా నాయనా?"

"జిరాక్సు చెల్లదండి, పెద్దమ్మగారూ."

"కథ చెప్పందే నిద్రపోదండి," అన్నాను.

"రాసివ్వండి. ఫైలుకి జత చేస్తాం."

"నేనొచ్చి చూసుకోవచ్చా?" అన్నారు మా ఆయన.

"బంధువులు ఆధారాన్ని ప్రభావితం చెయ్యకూడదండి. బయటివాళ్లు ఎవరైనా చూడొచ్చు."

మా ఆయన నన్ను పక్కకి పిలిచి "మానేద్దామా?" అన్నారు. ఎంతో మెత్తగా అన్నారు. ఇంటర్ మానిపించినప్పుడు మా పుట్టింట్లోనూ ఇంతే మెత్తగా అడిగారు.

సంతకం పెట్టాను.

పిడుగు చేతి మీద ముద్ర వేశారు. బొమ్మనుకుని మురిసిపోయి, ఆయనతో "థ్యాంక్యూ, టీచర్" అంది. అలా అనడం కూడా నేను నేర్పిందే.

ఇప్పుడు ఈ పరాయి దేశంలో ఊరివాళ్ల పిల్లల్ని కూర్చోబెట్టడం నేర్చుకుంటున్నాను. బాగా కూర్చుంటున్నారు. కార్యాలయం నుంచి ప్రతి నెలా ఫోనుకి సందేశం వస్తుంది: 'మీ ఆధారం భద్రం. పెరుగుదల గమనించబడినది.'

మీకూ ఎప్పుడో ఒకప్పుడు ఆ కార్యాలయంలో పని పడకపోదు. వెళ్లినప్పుడు మూడో కిటికీ దగ్గర ఒక్కసారి చూడండి. మీరు బంధువులు కారు, ఎవరూ ఆపరు. "సిట్ డౌన్" అంటుంది. కుర్చీ లేదని నిలబడకండి, చిన్నబుచ్చుకుంటుంది. కూర్చుని, ఎవరు నేర్పారని అడగండి.

ఏం చెప్పిందో దిద్దకుండా నాకు రాయండి.