కలలో వాన, కాగితం మీద ట్యాంకు

ఆ ఉదయం ఇంజనీరు పెట్టుకున్న పనులు మూడే: మేడెక్కి వాన ఎంత పడిందో చూడడం, చొక్కా ఇస్త్రీ చేసుకోవడం, పదకొండింటికి చీఫ్ ఇంజనీరు చేత ట్యాంకు డ్రాయింగు మీద సంతకం పెట్టించడం.

ఊళ్ళో గట్టి వాన పడితే మురుగు గొట్టాలు నిండి, పొర్లి, తిన్నగా నదిలో కలుస్తాయి. ఆ పొర్లే నీటిని భూమిలోపల ఒక ట్యాంకులో పట్టి ఉంచి, వాన వెలిశాక మెల్లమెల్లగా శుద్ధి కేంద్రానికి పంపాలన్నది అతని ప్లాను. ఇవాళ సంతకం పడకపోతే ఈ వానాకాలం కూడా నదికి మురుగే గతి. ఆ నదంటే అతనికి ప్రాణం. కళ్ళు మూస్తే చాలు, తేట నీళ్ళ అడుగున గులకరాళ్ళు కనిపించేవి. పైన సన్నగా వాన పడుతూ ఉండేది.

ఆ కలలే కొంప ముంచాయి. రాత్రంతా కలలో వాన కురిసేది. పొద్దున్నే మేడెక్కితే డాబా తడిసి ఉండేది, వర్షమాపకంలో నలభై మిల్లీమీటర్ల నీళ్ళుండేవి. 'కురిసి వెలిసింది కాబోలు' అనుకుని రాసుకుని, నీళ్ళు పారబోసి దిగేవాడు. వీధి పొడిగా ఉందేమిటని అడిగే తీరిక అతనికి లేదు; వీధిలో నడిచేటప్పుడు కూడా అతను నది ఒడ్డునే ఉండేవాడు. వాన లెక్క పెరిగేకొద్దీ ట్యాంకూ పెరిగింది. పార్కు మూలన మొదలైనది పార్కంతా పాకి, లైబ్రరీ కిందుగా దూరి, నిన్నటి డ్రాయింగులో చీఫ్ ఇంజనీరు గది కిందికొచ్చి ఆగింది.

ఇవాళ ఆత్రం కొద్దీ అరగంట ముందే మేడెక్కాడు. అత్తగారు గులాబీ కుండీలకు నీళ్ళు పోస్తున్నారు. ఆఖరి చెంబు వర్షమాపకంలో పోసి, దాన్ని ఆప్యాయంగా నిమిరారు.

"అత్తయ్యగారూ! అందులో ఎందుకు పోస్తున్నారు?"

"మీరు రోజూ అంత ఆశగా తొంగిచూసి వెళ్తుంటే కడుపు తరుక్కుపోతోంది బాబూ. నెలయింది. పోసిందంతా మర్నాటికల్లా తాగేస్తుంది, మొలక మాత్రం వెయ్యదు. ఇంతకీ ఏం విత్తనం పెట్టారు?"

"నెల నుంచీనా?" అంటూ అతను డాబా మీదే కూలబడ్డాడు.

"అయ్యో, ఎక్కువ పోసి కుళ్ళబెట్టేశానా!" ఆవిడ గోల విని భార్య పరుగెత్తుకొచ్చింది.

"ఊరుకోండి, విత్తనం పోతే పోయింది. ఇంకోటి పెట్టుకుందురుగాని!" అంది అతన్ని లేవదీస్తూ.

కొత్త డ్రాయింగు గీసే వ్యవధి లేదు. బస్సులో టికెట్టు వెనక లెక్క మళ్ళీ వేశాడు. అత్తగారి వానలు తీసేస్తే పావు వంతు ట్యాంకు చాలు, పార్కు మూలలోనే ఇమిడిపోతుంది. నిజం చెబితే డ్రాయింగు వెనక్కి వచ్చి, పని వచ్చే ఏడాదికి పోతుంది. చెప్పకపోతే సగం ఊరు తవ్వాలి. చెప్పేద్దామనే నిశ్చయించుకున్నాడు.

చీఫ్ ఇంజనీరు డ్రాయింగు పరిచి, తన కుర్చీ కింద నేలను ఓసారి చూసుకున్నారు.

"ఇదేం ట్యాంకయ్యా, సముద్రమా?"

"సార్, అసలు విషయం ఏమిటంటే..."

"ఏమీ చెప్పకు. సగం చేస్తున్నాను."

"సగం కాదు సార్, అసలు..."

"ఏం, సగం చాలదా? అయితే మూడో వంతే!"

"ఒక్క మాట వినండి సార్. మా అత్తగారు..."

"అత్తగారిచేత చెప్పించినా అంతే! మన స్థలం పార్కు మూల వరకే. పావు వంతు. అంతకుమించి ఒక్క అడుగు ఇవ్వను!" అని ఎర్ర సిరాతో మూలన గీత కొట్టి, పక్కనే సంతకం గీకేశారు.

ఇంజనీరు ఆ గీత వంక చూశాడు. టికెట్టు మీది లెక్కకు అంగుళం తేడా లేదు. గులకరాళ్ళు మళ్ళీ కనిపించాయి. పట్టలేని సంతోషంతో కళ్ళనీళ్ళు తిరిగాయి.

"ఇది సరిగ్గా సరిపోతుంది సార్," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

"మగాడివి, ఏడవకయ్యా," అన్నారు చీఫ్ ఇంజనీరు కాస్త మెత్తబడి.

ట్యాంకు కోసం ఆఖరి అడుగు దాకా పోరాడిన మొండిఘటమని సాయంత్రానికల్లా ఆఫీసంతా అతనికి పేరొచ్చింది.