మూడు రోజుల్లో రెస్పాన్స్

ఒక పెద్ద అడవిలో అంతకంటే పెద్ద బోర్డు పెట్టుకున్న ఆఫీసొకటి ఉండేది. దాని పేరు రెస్పాన్స్ శాఖ. సింహరాజు ఒకసారి పట్నం పక్కగా వెళ్తూ ఆ మాట విని తెగ ముచ్చటపడ్డాడు. ఎవరేం అడిగినా మూడు రోజుల్లో రెస్పాండ్ అయి తీరాలని హుకుం వేసి, నక్క గోవర్ధనం గారిని ఆఫీసరుగా కూర్చోబెట్టాడు.

ఆ ఆఫీసుకి కుందేలు వరహాలమ్మ రొప్పుకుంటూ వచ్చింది. పాపం, ఆమె బొరియ పక్కనే వాగుగట్టు బీట వేసింది. బొరియలో ఇంకా కళ్ళైనా తెరవని నలుగురు పిల్లలు.

"గట్టుమీద నాలుగు తట్టల మట్టి వేయించండి బాబూ. గట్టి వానొస్తే నా పిల్లలు దక్కరు."

"తప్పకుండా రెస్పాండ్ అవుతామమ్మా," అన్నారు గోవర్ధనం గారు.

అన్నట్టే మూడోరోజు చిలక గుమాస్తా ఒక టేకాకు తెచ్చిచ్చింది. 'మీ అర్జీ అందింది. సంతోషం' అని దానిమీద ముద్ర.

వరహాలమ్మ ఆకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "మరి మట్టేదే?"

"మట్టి మా కిందికి రాదు పిన్నీ. మాది రెస్పాన్స్ వరకే."

ఆమె మళ్ళీ అర్జీ పెట్టింది, మళ్ళీ ఆకొచ్చింది. అలా ఐదు ఆకులయ్యాయి. బీటలో ఇప్పుడు ఆమె కాలు దూరుతోంది. గోవర్ధనం గారు మాత్రం మంచి ఊపుమీదున్నారు. అర్జీ వచ్చేదాకా ఆగడం దేనికని, ముందే ముద్రలు వేయించిన ఆకులు ఇంటింటికీ పంచేశారు. అడగనివాళ్ళకి కూడా జవాబిచ్చిన ఆఫీసరని సింహరాజు మురిసిపోయి, దండ వెయ్యడానికి తనే బయల్దేరాడు. ఆఫీసుకి దారి వాగుగట్టు మీదుగానే.

ఆ ఉదయమే వాన పట్టుకుంది. వరహాలమ్మకి ఇక ఏ ఆకుమీదా ఆశ లేదు. పిల్లల్ని ఒక్కొక్కరినే నోట కరుచుకుని మెరకమీది బండకిందికి చేర్చింది. నాలుగోవాణ్ణి దించుతుండగా గట్టు తెగింది, దానిమీద నడుస్తున్న సింహరాజు మెడదాకా బురదలో దిగబడిపోయాడు.

రాజు గర్జించాడు. చిలక రివ్వున ఎగిరొచ్చి, అలవాటు కొద్దీ ఆయన ముక్కుమీద ఒక ఆకు పెట్టి వెళ్ళిపోయింది.

'మీ అర్జీ అందింది. సంతోషం.'

వరహాలమ్మకి నవ్వాగలేదు. నవ్వుతూనే అడవిదున్నల దగ్గరికి పరుగుతీసింది. "లేవండన్నా, ముందు ఆయన్ని లాగండి. ఆకులు తర్వాత చూసుకుందాం."

దున్నలు నాలుగు పట్లు పట్టి రాజుని ఒడ్డున పడేశాయి. సాయంత్రానికల్లా గట్టు లేచింది, మునుపటికి రెండింతల ఎత్తున. మట్టి మోసింది గోవర్ధనం గారే.

మర్నాడు ఆయన నడుం పట్టేసిందని, సెలవు కావాలని అర్జీ పెట్టుకున్నారు. ఈసారి మూడు రోజులు కూడా పట్టలేదు, చిలక అక్కడికక్కడే ఆకు చేతిలో పెట్టింది.

నీతి: గట్టు బాగుపడాలంటే అర్జీ పెట్టి లాభం లేదు, రాజుగారిని ఆ దారిన నడిపించాలి.