ముందు బయలుదేరిన సంచి

మొఘల్‌పురాలో శ్రీహరిరావు ఇంట్లో ఆ రోజు పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. సుమికో ఇడ్లీలు తిని, తొమ్మిదింటికి రిక్షా ఎక్కి, అబిడ్స్‌లో ఒక హోటల్‌కు వెళ్ళాలి. ఇంగ్లండు నుంచి వస్తున్న ప్రొఫెసరుగారు పొద్దుటి విమానంలో దిగి, తిన్నగా ఆ హోటల్‌కు వచ్చి ఆమెను నాలుగు ప్రశ్నలు అడగాలి. ఆమె జవాబులు చెప్పాలి, ఆయన కాలేజీలో సీటు రావాలి. అంతే.

సుమికోది జపాను. శ్రీహరిరావు సూపరింటెండెంటుగా పనిచేసే ఫ్యాక్టరీకి కొత్త యంత్రాలు బిగించడానికి వచ్చిన ఇంజనీరుగారి కూతురు. ఆఫీసులో ఇంగ్లీషు ఉత్తరం రాయాలంటే శ్రీహరిరావే రాయాలని పేరు. అందుకని ఆ ఇంజనీరు, ఇంటర్వ్యూ నాటికి పిల్లకు ఇంగ్లీషు అలవాటవుతుందని, ఆర్నెల్ల కిందట ఆమెను తెచ్చి శ్రీహరిరావు మేడమీద గదిలో దింపాడు.

ఆ రోజు నుంచీ శ్రీహరిరావు ఆశ్చర్యంలోనే బతుకుతున్నాడు. ఇరవై ఏళ్ళ పిల్ల! ఒక సముద్రం దాటి వచ్చింది, ఇంకో సముద్రం దాటి పోయి వంతెనలు కట్టడం నేర్చుకుంటానంటుంది! కాకినాడ నుంచి హైదరాబాదుకు బదిలీ అయితే తను ఎన్ని రాత్రులు నిద్ర మానేశాడో అతనికి ఇంకా గుర్తే. పైగా ఈ పిల్ల ఒక ఎండపూటంతా నయాపూల్ దగ్గర నిలబడి, చుట్టూ మూగిన తోపుడుబళ్ళ వాళ్ళను పట్టించుకోకుండా వంతెన మొత్తం కాగితం మీదికి దించేసింది. ఆ బొమ్మ మీద శ్రీహరిరావు వేలుపెట్టి కమానులు లెక్కపెట్టాడు. రోజూ ఆఫీసుకు దాటే వంతెనకు అన్ని కమానులున్నాయని అతనికి అప్పుడే తెలిసింది.

ఆ బొమ్మలూ, చదువు సర్టిఫికెట్లూ అన్నీ ఒక నీలం సంచిలో ఉన్నాయి. అవి చూడందే ప్రొఫెసరు సీటివ్వడు. ఆయన మళ్ళీ ఇటు వచ్చేది లేదు. ఇంజనీరుగారి పని వచ్చే నెలతో అయిపోతుంది. సీటు రాకపోతే తండ్రితో పాటు సుమికో ఇంటికి పోవలసిందే. ఆడపిల్లకు వంతెనలెందుకని అక్కడ వాళ్ళ బామ్మ ఎప్పుడో తేల్చేసింది.

తెల్లవారుతూనే శ్రీహరిరావు పంచాంగం తెరిచి గుండె పట్టుకున్నాడు.

"అమ్మో, హైమా! తొమ్మిదింటికి వర్జ్యం!"

"వర్జ్యం అంటే ట్రాఫిక్కా, మాస్టారూ?" అని సుమికో వినయంగా అడిగింది.

"అంతకన్నా ఘోరం తల్లీ. ఇప్పుడైతే దివ్యంగా ఉంది. ఇప్పుడే వెళ్ళిపోతే?"

"ఇప్పుడు వెళ్తే ఆ హోటల్ ఊడ్చేవాళ్ళు కూడా లేచి ఉండరు," అంది హైమవతి వంటింట్లోంచి. "ప్రస్థానం పెట్టించండి, పోతుంది."

శ్రీహరిరావు ముఖం వెలిగిపోయింది. మంచి ఘడియలో మనిషి కదల్లేకపోతే ఆ మనిషి సామాను ఒకటి పక్కింట్లో పెట్టిస్తారు. ప్రయాణం మొదలైపోయినట్టే లెక్క. తర్వాత తీరుబడిగా వెళ్తూ దాన్ని తీసుకుపోతే ఏ వర్జ్యమూ ఏమీ చెయ్యలేదు. ఇదంతా ఇంగ్లీషులో చెప్పడం అతని తరం కాలేదు. అందుకని కుదించాడు.

"నీ సంచి ఇప్పుడే బయలుదేరుతుంది. నువ్వు తర్వాత బయలుదేరతావు. ఇది మా పద్ధతి."

"మా దేశంలోనూ ఉంది, మాస్టారూ!" అని సుమికో సంతోషంగా నడుము వంచి నమస్కరించింది.

"విన్నావుటే హైమా! జపానులో కూడా ప్రస్థానం ఉందిట! ఎంతైనా బౌద్ధులు!"

సుమికో మేడమీదికి పరుగెత్తి, సంచికి ఒక అట్టముక్క కట్టి తెచ్చింది. దాని మీద ముత్యాల్లాంటి ఇంగ్లీషు అక్షరాలతో తన పేరు, హోటల్ పేరు, 'ఇంటర్వ్యూ కొరకు' అని రాసి ఉంది. ఏమి శ్రద్ధ, ఏమి ముందుచూపు అని శ్రీహరిరావు మురిసిపోయాడే గానీ, పక్కింటికి పోయే సంచికి చిరునామా ఎందుకని ఆలోచించలేదు.

పక్కింట్లో టెలిఫోన్ల లైన్‌మన్ దుర్గయ్య, అతని భార్య నీలమ్మ ఉంటారు. నీలమ్మ సంచిని కళ్ళకద్దుకుని మంచం కింద పెట్టింది. శ్రీహరిరావు ఆడవాళ్ళిద్దరినీ నిలబెట్టి మరీ చెప్పాడు. "పిల్ల గడప దాటాక వెనకనుంచి ఎవరూ పిలవకూడదు. ఎక్కడికని అడగకూడదు. చెప్పానా?"

తర్వాత పట్టుపంచె కట్టుకుని, ఆ పిల్లకు సీటు రావాలని సహస్రనామం చదవడానికి కూర్చున్నాడు. చివరి నామం అయ్యేదాకా కళ్ళు తెరవనని మొక్కుకున్నాడు కూడా. తెరిచేసరికి సుమికో వెళ్ళిపోయింది. తొమ్మిదంటే తొమ్మిదే ఆ పిల్లకు.

"సంచి తీసుకుందా?" అన్నాడు.

హైమవతి నసిగింది. "లేదండీ. వాళ్ళ గుమ్మం ముందునుంచే పోయింది. ఓ దండం పెట్టి రిక్షా ఎక్కేసింది."

"మరి పిలవలేదేం?"

"పిలవద్దన్నది ఎవరుట?"

శ్రీహరిరావు ఒక్క అంగలో పక్కింటి గుమ్మంలో పడ్డాడు. నీలమ్మ చల్లగా నవ్వింది.

"ఫికర్ జెయ్యకుండ్రి సారూ. మీరు జెప్పినట్టె ఎనకకెల్లి పిలువలే. మా ఆయన బ్యాగు సైకిల్‌కు కట్టుకోని జల్ది తీస్కపోయిండు."

"బతికించావు తల్లీ! అబిడ్స్‌కేగా?"

"అబిడ్స్‌ల ఏమున్నది సారూ? బేగంపేట ఎయిర్‌పోర్టుకు పోయిండు. లండన్‌కు పొయ్యేటోళ్ళు గాడికే గద పొయ్యేది! బ్యాగుకు గంత పెద్ద చిట్టీ కట్టిర్రు, విమానం సామాన్లకే గట్ల కడ్తరని మా ఆయన జెప్పిండు."

శ్రీహరిరావు భార్య వంక తిరిగాడు.

"నీలమ్మతో ఇంగ్లండు ప్రయాణం అన్నాను గానీ, ఇవాళే అన్నానా?" అంది హైమవతి, గొంతు తగ్గించి.

పట్టుపంచె మార్చుకునే వ్యవధి లేదు. నుదుటి విభూతితోనే శ్రీహరిరావు రిక్షా ఎక్కాడు. నయాపూల్ మీద జట్కాలు, లారీలు, కోర్టు పక్షులు కలిసి చిక్కుముడి పడ్డాయి. బేగంపేట పోవాలా, అబిడ్స్ పోవాలా? బేగంపేట పోతే పిల్ల ఒంటరిగా ప్రొఫెసరు దొరకు చిక్కుతుంది. అబిడ్స్ పోతే సంచి లేదు. రిక్షావాడు "కిధర్ సాబ్, జల్దీ బోలో" అని విసుక్కున్నాడు. కమానుల వంతెన మీద నిలబడి శ్రీహరిరావు పిల్ల వైపే మొగ్గాడు.

హోటల్ గుమ్మంలోనే ఇద్దరు ఎదురొచ్చి చెరో చెయ్యీ పట్టుకున్నారు.

"ఏం శాస్త్రులుగారూ, ఇంత ఆలస్యమా! పెళ్ళివారు వెనక హాల్లో కాచుకుని ఉన్నారు. ముహూర్తం దాటిపోతోంది!"

"నేను శాస్త్రిని కాను బాబూ! జపాను పిల్ల కోసం వచ్చాను!"

"అయ్యా, మీరు జపానుకు పెళ్ళి చేయించండి, జర్మనీకి చేయించండి, ముందు మాది కానివ్వండి!"

వాళ్ళు తీసుకుపోయి పీట మీద కూర్చోబెట్టాక గానీ, వధువు తండ్రి ఈయన తమ పంతులు కాదని గుర్తుపట్టలేదు. శ్రీహరిరావు తలంబ్రాల పళ్ళెం దాటి, బంధువుల కాళ్ళు తొక్కి, పై అంతస్తుకు పరుగెత్తాడు.

అక్కడ సుమికో చేతులు ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుని ఉంది. అతన్ని చూడగానే లేచి నమస్కరించింది.

"మాస్టారూ, నా సంచి ఏ గదికి వచ్చింది?"

"వచ్చిందా? అదేమిటమ్మా?"

"మా దేశంలో రైలు వాళ్ళకు సామాను అప్పగిస్తే మనకన్నా ముందే ఊరికి చేరుస్తారు. మనం చేతులూపుకుంటూ వెళ్తాం. అందుకే చిరునామా కట్టాను."

శ్రీహరిరావు ప్రస్థానమంటే ఏమిటో ఈసారి పూర్తిగా చెప్పాడు. పక్కింటి మంచం నుంచి బేగంపేట దాకా, ఏమీ దాచకుండా. "నీ బతుకు పాడుచేశాను తల్లీ," అన్నాడు.

సుమికో ముఖం తెల్లబోయింది. ఆ పిల్ల భయపడటం శ్రీహరిరావు ఆర్నెల్లలో మొదటిసారి చూశాడు. అరిస్తే బాగుండునని, నాలుగు మాటలంటే బాగుండునని అనుకున్నాడు. ఆమె అతని పంచె అంచుకు అంటిన తలంబ్రాల బియ్యం వంక చూసింది.

"నా ప్రయాణం బాగుండాలనే చేశారు, మాస్టారూ. కాగితం అడిగి మళ్ళీ గీస్తాను. వంతెన నాకు గుర్తుంది," అంది.

శ్రీహరిరావుకు చేతులెత్తి మొక్కాలనిపించింది. సర్టిఫికెట్లు మాత్రం గీయడం కుదరదని చెప్పడానికి నోరు రాలేదు.

అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడైంది. ఆరడుగుల దొర, ఎండకు ఎర్రబడ్డ ముఖంతో పైకి వచ్చాడు. ఒక చేతిలో తన పెట్టె ఉంది. రెండో చేతిలో నీలం సంచి ఉంది.

"సుమికో అంటే నువ్వేనా?" అన్నాడు ఆయాసపడుతూ. "నేను ఏ విమానంలో వస్తానో నిన్న సాయంత్రం దాకా నాకే తెలియదు. బయటికి అడుగుపెట్టగానే ఒక సైకిల్ మనిషి లండన్, లండన్ అని ఇది నా చేతిలో పెట్టి, సలాం కొట్టి వెళ్ళిపోయాడు. చూస్తే నా హోటల్ పేరే! అమ్మాయీ, ఇంత పక్కాగా ఎలా ఏర్పాటు చేశావు?"

సుమికోకు అబద్ధం రాదు.

"నేనేమీ చేయలేదు సర్. ఈ ఊళ్ళో సామాను ముందు బయలుదేరుతుంది. మనిషి నమ్మి వెనక వెళ్ళాలి."

దొర ఆమెనూ, పట్టుపంచెలో ఉన్న శ్రీహరిరావునూ మార్చి మార్చి చూశాడు. తర్వాత బొమ్మ విప్పి ఒక్కొక్క కమానూ అడిగాడు. ఆమె ఒక్కొక్కటీ చెప్పింది. మధ్యాహ్నం భోజనాల వేళకు సీటు ఖాయమైంది.

సాయంత్రం దుర్గయ్య చుట్టూ వాడంతా మూగింది. "నాకేమెరుక సారూ?" అన్నాడతను తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ. "బిడ్డ కోసం మస్తు దేవులాడిన, కనబడలే. తెల్లదొర ఒక్కడే దిగిండు. లండన్‌కు పొయ్యే బ్యాగు, లండనాయనకు ఇచ్చిన."

శ్రీహరిరావు అతన్ని గట్టిగా కౌగిలించుకుని ఏడ్చేశాడు. పంచాంగాన్ని కళ్ళకద్దుకుని, "చూశావా హైమా, శాస్త్రం!" అన్నాడు.

రెండు నెలల తర్వాత సుమికో నిజంగానే ఇంగ్లండుకు బయలుదేరింది. ముందురోజు తనే నీలమ్మ ఇంటికి వెళ్ళి, పెద్దపెట్టెను మంచం కిందికి తోసి, నడుము వంచి నమస్కరించి వచ్చింది. శాస్త్రం మీద శ్రీహరిరావుకు ఇప్పుడు కొండంత నమ్మకం.

దుర్గయ్య సైకిల్‌కు మాత్రం ఆ రోజు శ్రీహరిరావే తాళం వేసి, తాళంచెవి మొలలో దోపుకున్నాడు.