టామరాక్ నదికి మూడు గంటల నీళ్లు

ఆ శనివారం ఉదయం వెర్నా ఇంట్లో ఉన్నవాళ్లు వీళ్లు: డెబ్బై ఒక్క ఏళ్ల ఇంటావిడ వెర్నా, చేపల శాస్త్రవేత్త ఎలరీ, పడవలవాళ్ల నాయకుడు డ్వేన్, వంటింట్లో రబ్బరు బట్టలు తొడుక్కుంటున్న అతని మనుషులు నలుగురు, వీళ్లందరినీ ఒక తాటి మీద నడిపించడమే వృత్తిగా పెట్టుకున్న గ్వెన్. డోనట్ల పెట్టె మీద కూర్చున్న పిల్లితో కలిపి తొమ్మిది ప్రాణాలు.

ఇంటి వెనక టామరాక్ నది ఉంది. ఉంది అంటే, రాళ్లున్నాయి. ఎగువన ఆనకట్ట కంపెనీ నీళ్లన్నీ గొట్టంలోకి మళ్లించి, రెండు మైళ్ల దిగువన విద్యుత్ కేంద్రం దగ్గర వదులుతుంది. ఆ పనికి ప్రభుత్వం అనుమతి ఇచ్చేది నలభై ఏళ్లకొకసారి. పోయినసారి వెర్నాకు ముప్పై ఒకటి. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఈసారైనా ఏడాది పొడవునా కాసిన్ని నీళ్లు పారేలా షరతు పెట్టించాలని నది సంరక్షణ కూటమి పుట్టింది. దానికి దారి చూపడానికి గ్వెన్ వచ్చింది. బతికుండగా ఆ నీళ్లు చూడాలన్నది వెర్నా కోరిక. చూపిస్తానని గ్వెన్ మాటిచ్చింది.

మొదట వేసుకున్న పథకం తేలికే. ఎనిమిదింటికి ఎలరీ ఎండిన నదిలో దిగి, గుంటల్లో చిక్కుకున్న చేపలను లెక్కపెడతాడు. పదకొండింటికి కంపెనీ పరీక్షకని మూడు గంటలు నీళ్లు వదిలితే, పడవ తేలడానికి ఎంత కావాలో డ్వేన్ చెబుతాడు. పొద్దున కరువు, మధ్యాహ్నం కళ. రెండూ పక్కపక్కన పెడితే వాషింగ్టన్‌లో ఎలాంటి అధికారి అయినా కరుగుతాడని గ్వెన్ అంచనా.

ఈలోగా గేటు మరమ్మతు ఉందని కంపెనీ విడుదలను ఎనిమిదింటికి జరిపింది. గ్వెన్ ఆ కబురు సభ్యులందరికీ పంపింది. కూటమిలో కామా మార్చాలన్నా అందరూ ఒప్పుకోవాలి; మూడు రోజుల్లో బదులు రాకపోతే ఒప్పుకున్నట్టే. ఆ నియమం గ్వెన్ రాసిందే. వెర్నా, పడవలవాళ్లు సరేనన్నారు. ఫోను అందని అడవిలో ఉన్న ఎలరీ ఏమీ అనలేదు. కాబట్టి ఏకగ్రీవం. అతను తెల్లారకముందే లెక్క ముగించి ఉంటాడనుకుంది గ్వెన్. శనివారం అతను డోనట్ నోట పెట్టుకుని వెనక తలుపు తీస్తే, కారులో సామాను సర్దడానికనుకుంది.

ఎనిమిదింటికి, నీళ్లు వదులుతున్నామని ఆనకట్ట సైరన్ మోగింది. శనివారాల్లో దాన్ని సరిచూస్తారని తెలుసు కనక నదిలో చేపలు లెక్కపెడుతున్న ఎలరీ తల ఎత్తలేదు. తల ఎత్తేసరికి నీళ్లు మోకాళ్లకొచ్చాయి. కాగితాలు నెత్తిన పెట్టుకుని నది మధ్య బండ ఎక్కాడు. కళ్లద్దాలు కొట్టుకుపోయాయి.

"చేపలెన్ని, డాక్టర్?" అంటూ డ్వేన్ పడవ తిప్పాడు.

"ముందు నన్ను లెక్కపెట్టు," అన్నాడు ఎలరీ.

ఆ సమయానికి వెర్నా ఇంటి చెప్పులతోనే ఒడ్డుకు వచ్చింది. నలభై ఏళ్లుగా వినని చప్పుడు. నీళ్లలోకి నడిచి, పడవ దిగిన ఎలరీని కావలించుకుని ఏడ్చింది, నవ్వింది. కంపెనీ తరఫున వచ్చిన కెండ్రా అనే అమ్మాయి ఫొటో తీసింది. తర్వాత దుప్పట్లతో పాటు అభిప్రాయ పత్రాలు కూడా పంచింది. పడవలవాళ్లు 'అద్భుతం' దగ్గర టిక్కు పెట్టారు. చలికి పళ్లు టకటకలాడుతున్న ఎలరీ, అది దుప్పటి తీసుకున్నందుకనుకుని, వేలు చూపించిన చోటల్లా టిక్కు పెట్టి సంతకం చేశాడు. ఎలా ఉందని అడిగితే వెర్నా, తన జన్మలో ఇంత మంచి రోజు చూడలేదంది. కెండ్రా కలం రాయకపోతే గ్వెన్ తన కలం ఇచ్చింది. సాక్ష్యం బలంగా తయారవుతోందని మనసులో సంతోషించింది కూడా.

మూడు నెలలకు కంపెనీ దరఖాస్తు వచ్చింది, తొమ్మిది వందల పేజీలు. అట్ట మీద వెర్నా, ఎలరీ కౌగిలించుకుని నవ్వుతున్నారు. చేపల నిపుణుడితో సహా కూటమి అంతా ప్రస్తుత ఏర్పాటును మెచ్చుకుందనీ, వారి ఆనందం దృష్ట్యా ఇకపై ఏటా ఒక శనివారం మూడు గంటలు నీళ్లు వదులుతామనీ లోపల ఉంది. నలభై ఏళ్ల పాటు. చేపల లెక్క గడువులోగా అందలేదు కనక చేపల సమస్య లేదు.

తమకో శనివారం దొరికింది కదా అని పడవలవాళ్లు ఒప్పుకున్నారు. ఎలరీ కోపంతో కూటమి నుంచి తప్పుకున్నాడు. దాంతో ఏకాభిప్రాయం మరింత దగ్గరైంది. మిగిలింది వెర్నా సంతకం. గ్వెన్ కాగితం పట్టుకుని ఆమె గుమ్మం ముందు నిలబడింది.

"ఇది ఓటమి కాదండీ, వెర్నా గారూ. సంతకం పెడితే ఆ మూడు గంటలైనా దక్కుతాయి. లేకపోతే అవీ ఉండవు."

వెర్నా కాగితం అందుకోలేదు. "మళ్లీ ఎప్పుడు అడుగుతారు?"

"నలభై ఏళ్లకండీ."

"అప్పటికి నాకు నూట పదకొండు." వెర్నా తలుపు మీద చెయ్యి వేసింది. "కంపెనీవాళ్లు నన్ను మోసం చేశారని అనలేను, అమ్మాయ్. వాళ్లు నాకు ఏ మాటా ఇవ్వలేదు."

గ్వెన్ నోట అలవాటుగా వచ్చే మాటే వచ్చింది. "మీవి ఏవైనా సవరణలుంటే చెప్పండి, చేరుస్తాను."

వెర్నా తలుపు వేసేసింది.

ఇరవై రెండేళ్ల వృత్తిలో సవరణలు లేకుండా గ్వెన్‌కు అందిన మొదటి జవాబు అదే.