తొమ్మిదో మెట్టు మీద దీక్ష

ఆ ఆదివారం పొద్దున్న కాశీవిశ్వనాథం వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిది గంటలకి భార్య అన్నపూర్ణ ఆవకాయ జాడీలు కొనడానికి సుల్తాన్ బజార్ వెళుతుంది. పదకొండింటికి తిరిగొస్తుంది. ఈలోపల తను పద్దెనిమిది మెట్లెక్కి డాబా మీదికి చేరుకుని, పిట్టగోడ పట్టుకుని నిలబడి, ఆవిడ గేటు తీస్తుండగా పైనించి "అన్నపూర్ణా!" అని పిలవాలి. అంతే. మనుషులు చంద్రమండలం మీద దిగి ఇంకా ఏడాదైనా కాలేదు, డాబా ఎక్కడమూ ఒక పథకమేనా అని ఎవరైనా అనవచ్చు. అలా అనేవాళ్ళకి రెండు కాళ్ళూ ఉండి ఉంటాయి.

విశ్వనాథం సచివాలయంలో గుమాస్తా. గుంటూరులో మొదలుపెట్టి హైదరాబాదు దాకా ఇరవై ఏళ్ళు సైకిలు మీదే ఆఫీసుకి వెళ్ళిన మనిషి. రెండేళ్ళ కిందట నారాయణగూడ చౌరస్తాలో ఒక లారీ ఆ సైకిలునీ, ఆయన కుడికాలునీ కూడా పట్టుకుపోయింది. కాలు మోకాలి పైదాకా తీసేశారు. మద్రాసులో కొయ్యకాలు చేయించారు. దాని మోకాలికి ఇనప గడియ ఉంది. నిలబడితే బిగుసుకుంటుంది, కూర్చోవాలంటే చేత్తో తీసుకోవాలి. నేల మీద నడిచినంతసేపూ దానికి వంక పెట్టడానికి లేదు. మెట్లు కనిపిస్తే మాత్రం మొరాయిస్తుంది. వంగని కాలుని పక్కకి తిప్పి పైమెట్టు మీద వెయ్యాలి కదా! అశోక్‌నగర్‌లో ఇంటివాడు రామచంద్రయ్య కట్టించిన మెట్లు సరిగ్గా ఒక మనిషికి సరిపోయేంత ఇరుకు. ఎటు తిప్పినా కాలు గోడకి కొట్టుకునేది.

కాలు పోయినందుకు విశ్వనాథం ఏడవలేదు. డాబా పోయినందుకు లోలోపల ఏడ్చాడు. ప్రతి ఎండాకాలం పైన రెండు నవారు మంచాలు పక్కపక్కన వేసుకునేవాళ్ళు. హుస్సేన్ సాగర్ వైపు నుంచి గాలి వచ్చేది. వంటింట్లో పప్పూ ఉప్పూ తప్ప మాట్లాడని అన్నపూర్ణ ఆ చీకట్లో ఏవేవో చెప్పేది: చిన్నప్పటి సంగతులు, కలలు, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుని చెప్పే భయాలు. ఇప్పుడు ఇద్దరూ కింద, గదిలో, ఫ్యాను కింద పడుకుంటున్నారు. ఫ్యాను చప్పుడులో ఆవిడ ఏమీ చెప్పదు. మంచాలేం చేశావని అడిగితే, "ఎవరికో ఇచ్చేశాను లెండి" అంది.

సాయంత్రం వడియాలు తీసుకురావడానికని ఆవిడ డాబా ఎక్కేది. వడియాలు తియ్యడానికి పది నిమిషాలు చాలు. ఆవిడ గంటసేపు ఉండేది. విశ్వనాథం కింద పడుకుని కప్పు మీద అడుగుల చప్పుడు వినేవాడు. అవి తూర్పు పిట్టగోడ దాకా వెళ్ళి అక్కడ ఆగిపోయేవి. భార్య పుట్టింటికి వెళితే ఉత్తరం రాసుకోవచ్చు. నెత్తి మీద పదడుగుల ఎత్తున ఉంటే ఏం చెయ్యాలో ఆయనకి తోచేది కాదు. ఒకసారి ఉండబట్టలేక "పైన ఏం చేస్తుంటావు అంతసేపు?" అని అడిగాడు. "ఏముందండీ, గాలి" అంది. ఆ గాలి మీద ఆయనకి ఈర్ష్య పుట్టింది.

ఈ బాధ ఆయన ఒక్కడికే చెప్పుకున్నాడు, చిక్కడపల్లిలో సైకిలు షాపు ఈదయ్యకి. ఈదయ్య పాలమూరు నుంచి కూలిపనికొచ్చి రెంచీ పట్టినవాడు. పదిహేను రోజులు ఆలోచించి, ఒక బ్రేకు పిడీ, గజం తీగా పట్టుకొచ్చాడు.

"సారు, గిది మీ సైకిల్ బ్రేకే. లారీ కింద గిదొక్కటే మంచిగ మిగిలింది. పారెయ్య బుద్ధి కాలె, దాచిన."

పిడిని ఈదయ్య విశ్వనాథం నడుం పట్టీకి తగిలించి, తీగని మోకాలి గడియకి కలిపాడు. పిడి నొక్కితే గడియ ఊడి మోకాలు వంగుతుంది. వదిలితే టక్కున బిగుసుకుంటుంది. మంచికాలు ముందు పైమెట్టు మీద పెట్టాలి. నొక్కి, కొయ్యకాలుని వంచి పైకి లాక్కోవాలి. వదిలి, దాని మీద నిలబడాలి. కింద రెండు మెట్ల మీద వారం రోజులు, అన్నపూర్ణ నీళ్ళకి వెళ్ళినప్పుడల్లా, దొంగచాటుగా సాధన చేశారు.

ఆదివారం అన్నపూర్ణ గేటు దాటగానే ఎక్కడం మొదలైంది. విశ్వనాథం గళ్ళ లుంగీ కట్టుకున్నాడు. ఈదయ్య వెనక చేతులు చాపుకుని నిలబడ్డాడు.

"నొక్కుండ్రి... గుంజుండ్రి... ఇడువుండ్రి. శెభాష్!"

ఎనిమిది మెట్లు అలాగే ఎక్కారు. తొమ్మిదో మెట్టు మీద కొయ్యకాలు బిగిసింది. విశ్వనాథం దాని మీద బరువు మోపి, మంచికాలుని పదో మెట్టుకి లేపాడు. సరిగ్గా అప్పుడు వీధిలో పాలవాడి సైకిలు ట్రింగుమని గంట కొట్టింది.

ఇరవై ఏళ్ళు సైకిలు తొక్కిన చెయ్యి అది. గంట వినపడితే ఏం చెయ్యాలో దానికి ఎవరూ చెప్పక్కర్లేదు. గట్టిగా బ్రేకు వేసింది. మోకాలు చటుక్కున మడుచుకుపోయింది. ఈదయ్య చంకల కింద పట్టుకోబట్టి ఆయన దొర్లిపోకుండా తొమ్మిదో మెట్టు మీద చతికిలబడ్డాడు. తీగ తెగి గడియలో ఇరుక్కుంది.

"దుకాన్ల రిపేర్ చెయ్యాలె. కాలు ఇడిసియ్యుండ్రి సారు, గంటల తెస్త. మిమ్ముల కిందికి దించాల్నా?"

"వద్దు" అన్నాడు విశ్వనాథం. "సగం ఎక్కాను. మళ్ళీ దిగితే ఈ జన్మకి ఎక్కను."

ఈదయ్య కాలుని గోనెసంచిలో చుట్టి, సైకిలు వెనక కట్టుకుని వెళ్ళిపోయాడు. విశ్వనాథం లుంగీ సర్దుకుని మెట్టు మీద ఒంటికాలితో మిగిలాడు.

ఆయన అక్కడ గంటసేపు ఒంటరిగా కూర్చోగలిగితే ఈ కథ లేదు. రామచంద్రయ్య భార్య ఆశమ్మ మిరపకాయల గంప నెత్తిన పెట్టుకుని డాబా మీదికి బయల్దేరింది. ఆవిడకీ అన్నపూర్ణకీ డాబా విషయంలో నెలరోజులుగా పడటం లేదు. తూర్పు మూల ఖాళీ చెయ్యమని ఆశమ్మ, ప్రాణం పోయినా చెయ్యనని అన్నపూర్ణ. వడియాల కోసం ఇంత పట్టుదలేమిటని విశ్వనాథమే విసుక్కున్నాడు.

"జర జరుగుండ్రి సారు, మిర్పకాయలు ఎండబొయ్యాలె."

జరగడానికి కాలు లేదు. ఆ సంగతి చెప్పడానికి నోరు రాలేదు. చెబితే మెట్లెక్కే సంగతీ చెప్పాలి. అది ఆశమ్మ చెవిన పడితే, అన్నపూర్ణ గేటు తియ్యకముందే వీధి మొగదలే ఆవిడకి తెలిసిపోతుంది.

"ఇప్పుడు కుదరదమ్మా. గంటసేపటి దాకా ఇక్కణ్ణించి కదిలేది లేదు" అన్నాడు గంభీరంగా.

ఆశమ్మ గంప అక్కడే దించి మొగుడి దగ్గరికి పరుగెత్తింది. "ఏమయ్యో! ఆంధ్ర సారు డాబా కోసం మెట్ల మీద కూసున్నడు! తొవ్వ ఇయ్యడంట!"

మరో సంవత్సరంలో అయితే రామచంద్రయ్య నవ్వి ఊరుకునేవాడే. కానీ అంతకు ముందు ఏడాదంతా నగరంలో ఎటు చూసినా ఊరేగింపులు, బందులు, దీక్షా శిబిరాలు. మనిషి ఒకచోట కదలకుండా కూర్చుంటే, ఎందుకు కూర్చున్నాడని కాక ఎన్నాళ్ళు కూర్చుంటాడని అడిగే అలవాటు పడిపోయింది జనానికి. రామచంద్రయ్య కండువా వేసుకుని వచ్చేసరికి ఎదురింటి దక్షిణామూర్తి మాస్టారు కూడా వచ్చేశారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. నిరుడు అన్ని సభలు జరిగినా ఒక్కదానికీ ఆయన్ని అధ్యక్షత వహించమని ఎవరూ పిలవలేదు. ఆ కొరత ఆయన మనసులో ఉండిపోయింది.

"ఎప్పట్నించి?" అన్నారు మాస్టారు.

"తొమ్మిదిన్నర నించండీ" అన్నాడు విశ్వనాథం నిజాయితీగా.

"పచ్చి గంగైనా ముట్టలేదా?"

తొమ్మిదింటికి మూడు పెసరట్లు తిన్న మాట నిజమే గానీ, తొమ్మిదిన్నర తర్వాత ఏమీ తినలేదు. ఆ మాటే చెప్పబోయాడు. "అప్పట్నించి ఏమీ..." అనగానే మాస్టారు చెయ్యెత్తి ఆపేశారు. వాళ్ళింట్లోంచి గొడుగు తెప్పించి దీక్షాపరుడి నెత్తిన పట్టించారు. పూజకి తెచ్చుకున్న బంతిపూల దండ మెళ్ళో వేశారు. వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగారు. పావుగంటలో గేటు దగ్గర పాతికమంది చేరారు.

"మాస్టారూ, మీరనుకునేది కాదు. ఈదయ్య రావాలి..."

"వాళ్ళ సంఘం కూడా వస్తోందా!" అన్నారు మాస్టారు సంతోషంగా.

రామచంద్రయ్యకి చెమటలు పట్టాయి. సంఘాలొస్తే పోలీసులొస్తారు. "సారు, నేనేమన్న మిమ్ముల ఎల్లగొట్టిన్నా? లేసి కిందికి రాండ్రి. మాట్లాడుకుందాం."

"రాలేనండీ" అన్నాడు విశ్వనాథం. అంతకంటే నిజమైన మాట ఆయన ఆ రోజు చెప్పలేదు.

"చూశారా పట్టుదల!" అన్నారు మాస్టారు జనం వైపు తిరిగి.

"గా మంచాల మీద ఎవ్వరు పండరు, మూల ఎందుకు ఆపాలె?" అని ఆశమ్మ ఏదో అనబోయింది. రామచంద్రయ్య ఆవిడ నోరు మూయించాడు. "మూల గాదు, డాబా మొత్తం తీస్కోండ్రి. మా మిర్పకాయలు వాకిట్ల ఎండబోసుకుంటం. నలుగుర్ల నా ఇజ్జత్ తియ్యకుండ్రి, మీకు దండం పెడ్త."

మంచాలేమిటో విశ్వనాథానికి అర్థం కాలేదు. అడిగే వ్యవధి కూడా లేదు. దీక్ష విరమణకి నిమ్మరసం వచ్చేసింది. మాస్టారు గ్లాసు రామచంద్రయ్య చేతికిచ్చారు. రామచంద్రయ్య ఎనిమిది మెట్లెక్కి, ఆయన నోటికందించాడు. ఎండలో దాహంగానే ఉంది. విశ్వనాథం గటగటా తాగేశాడు. జనం చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్ల మధ్య రిక్షాలోంచి జాడీలతో అన్నపూర్ణ దిగింది. గేటు తీసి చూసింది. తొమ్మిదో మెట్టు మీద బంతిపూల దండతో, గొడుగు నీడన మొగుడు. ఆవిడ చూపు దండ మీద ఆగలేదు, గొడుగు మీద ఆగలేదు. లుంగీ మీద ఆగింది.

"మీ కాలేదండీ?"

అందరూ అప్పుడు చూశారు. సరిగ్గా అప్పుడే ఈదయ్య సైకిలు గేటు దగ్గర ఆగింది. గోనెసంచిలోంచి నల్లబూటు ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంది.

"తెచ్చిన సారు! కాలు తయారైంది!"

రామచంద్రయ్య ఆ బూటు వంకా, విశ్వనాథం వంకా, ఖాళీ గ్లాసు వంకా చూశాడు. "అంటే... గిది దీక్ష గాదా? అయితే నా డాబా..."

"రామచంద్రయ్యగారూ!" అన్నారు దక్షిణామూర్తి మాస్టారు. జీవితంలో అధ్యక్షత వహించిన ఒక్కగానొక్క దీక్ష కళ్ళ ముందు రద్దయిపోతుంటే చూస్తూ ఊరుకునే మనిషి కాదాయన. "నిమ్మరసం ఇచ్చారు. ఆయన తాగారు. ఇచ్చిన హామీ మళ్ళీ వెనక్కి తీసుకుంటే దేశంలో ఇంక ఎవరైనా ఎవరి మాటైనా నమ్ముతారా?"

రామచంద్రయ్య ఖాళీ గ్లాసు మాస్టారి చేతికి తిరిగిచ్చేశాడు. ఆశమ్మ గంపెత్తుకుని వాకిట్లోకి నడిచింది.

జనం తగ్గాక ఈదయ్య కాలు బిగించాడు. "సారు, తప్పు నాదే. మీ చెయ్యి సైకిల్ చెయ్యి. భయమైతే బ్రేక్ కొడ్తది. అందుకనే ఉల్టా చేసిన. ఇప్పుడు నొక్కితే బిగుసుకుంటది, ఇడిస్తే వంగుతది. భయపడుండ్రి, ఏం కాదు."

భయపడటానికి అనుమతి దొరికాక విశ్వనాథానికి భయం వెయ్యలేదు. అన్నపూర్ణ జాడీలు కింద పెట్టి, ఆయనకి వెనక ఒక మెట్టు కిందుగా నిలబడింది. ఆవిడ ఊపిరి ఆయనకి వినిపిస్తోంది. పది. పదకొండు. పదిహేనో మెట్టు దగ్గర చెయ్యి అలవాటుగా గట్టిగా నొక్కింది, కాలు నిటారుగా నిలబెట్టింది. పద్దెనిమిది.

ఆకాశం ఒక్కసారిగా మీద పడింది. రెండేళ్ళుగా కిటికీలోంచి ముక్కలుగా చూసినది మొత్తం అక్కడే ఉంది. కాచిగూడ వైపు రైలు పొగ కనిపిస్తోంది. విశ్వనాథం కళ్ళు చెమర్చాయి. తుడుచుకుని చూస్తే, తూర్పు మూల, పక్కింటి వేపకొమ్మ నీడలో, గోనెపట్టా కప్పి ఏవో ఉన్నాయి. దగ్గరికి వెళ్ళి పట్టా తీశాడు. రెండు నవారు మంచాలు, పక్కపక్కన.

"ఎవరికో ఇచ్చేశానన్నావు?"

"ఉన్నాయంటే మీరు ఎక్కాలని చూస్తారు. పడిపోతారని" అంది అన్నపూర్ణ.

"మరి ఎందుకుంచావు?"

ఆవిడ కొంగు వేలికి చుట్టుకుంది. "ఎప్పటికైనా ఎక్కుతారేమోనని."

విశ్వనాథం తన మంచం మీద అరచెయ్యి ఆనించి చూశాడు. నవారు ఎక్కడా జారలేదు. నిన్ననే బిగించినంత బిగువుగా ఉంది.

"రోజూ సాయంత్రం ఇక్కడ చేసేది ఇదా?"

"ఎవరూ పడుకోకపోయినా సాగుతుందండీ నవారు" అంది ఆవిడ. ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టి, పక్కన తనూ కూర్చుని, "మీకొకటి చెప్పాలి. ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యండి" అంది.

విశ్వనాథం ఒట్టేశాడు. గాలి వచ్చింది. ఆవిడ రెండేళ్ళుగా దాచుకున్నవి ఒక్కొక్కటీ చెబుతుంటే, మిట్టమధ్యాహ్నం అయిందన్న సంగతి ఇద్దరికీ తెలియలేదు.

ఆకలేసి, దిగేటప్పుడు ఏ కాలు ముందు వెయ్యాలో అడుగుదామని విశ్వనాథం పిట్టగోడ మీంచి వంగి చూసేసరికి, ఈదయ్య సైకిలు ఎప్పుడో చిక్కడపల్లి మలుపు తిరిగిపోయింది.