పిట్టకు పెట్టిన పూట

బాలలక్ష్మి పోయిన పదకొండో రోజు పొద్దున ఏడింటికి బయలుదేరి, కాలనీ వెనక మెట్ట చెలకలో పిట్టకు పెట్టి, ఎనిమిదింటికల్లా తిరిగి వచ్చి తినాలన్నది కైలాసం ఇంట్లో అనుకున్న మాట. అల్లుడు రాజ్‌కుమార్ పదకొండింటి బస్సుకు కరీంనగర్ పోవాలి. బావమరిది లింగమూర్తికి షుగర్. గోలీ వేసుకున్న గంటలో తినాలి. గోలీ ఇంట్లోనే వేసుకుని బయలుదేరాడు. కాకుల మీద ఆయనకు అంత నమ్మకం.

పని చిన్నదే. చనిపోయిన మనిషికి ఇష్టమైనవి వండి, ఆకులో పెట్టి, దూరంగా నిలబడాలి. కాకి ముడితే పోయిన ప్రాణం తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కొరత ఉన్నట్టు. కాకి ముట్టేదాకా ఇంటివాళ్లు మెతుకు ముట్టకూడదు.

ఇష్టమైనవి ఏవన్నదగ్గరే మొదటి తగాదా వచ్చింది. కోడికూర అన్నది కూతురు మమతారాణి. యాటకూర అన్నాడు కొడుకు వెంకటేశ్. చివరికి రెండూ వండారు. బాలలక్ష్మి అందరూ తిన్నాక తినేది. ఆమె ఏది ఇష్టంగా తిన్నదో చూసినవాళ్లు ఆ ఇంట్లో లేరు.

మిగతావాళ్లకంటే కైలాసానికి ఆ కాకి ఎక్కువ అవసరం. భార్య బట్టలు ఉతుకుతూ ఉన్నపళంగా కూలిపోయిందని అందరికీ చెప్పాడు. అది నిజమే. అంతకుముందు ఆమె, "ఎడమ చెయ్యి గుంజుతున్నది, దవాఖానకు పోదామా?" అని అడిగింది. "గా చద్దరు పిండినంక పోదాం తియ్," అన్నాడాయన. ఆమె చద్దరు పిండింది. ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు. కాకి ముడితే చెప్పాల్సిన అవసరం ఉండదని పది రోజులుగా అనుకుంటున్నాడు.

చెలక గట్టున తుమ్మచెట్టు కింద ఆకు పెట్టారు. అయిదు నిమిషాల్లో కాకి వచ్చి కొమ్మ మీద వాలింది. రాజ్‌కుమార్ ఫోను తీశాడు.

"మామా, జర పక్కకు జరుగు. కాకి కనవడ్తలేదు."

కాకి ఎగిరిపోయింది.

"సూసిన్రా, అక్క మొకం తిప్పుకున్నది," అన్నాడు లింగమూర్తి. "ఏదో కొరతున్నది. ఎవరేం మాటిచ్చి తప్పిన్రో చెప్పుండ్రి."

మమతారాణి అన్న వైపు చూసింది. "మెడల బంగారు గుండ్లదండ నాకిస్తనన్నది అవ్వ. అన్నకు ఎర్కలేదా?"

"గిప్పుడా గుండ్లదండ ముచ్చట?"

"నేనడుగుతలేనే. అవ్వ అడుగుతున్నది."

వెంకటేశ్ ఆకాశం వైపు తిరిగి తల్లిని పిలుస్తూ అరిచాడు. "ఇస్త అవ్వా! ఇచ్చిననుకో! రా!"

ఎవరూ రాలేదు. గుండ్లదండ పోయింది, కాకీ పోయింది. చోటు మంచిది కాదని లింగమూర్తి తేల్చాడు. ఆకు ఎత్తుకుని అందరూ గట్టు వెంట నడిచి మక్కజొన్న చేను పక్కన దించారు. చేతులు జోడించగానే చేను లోపలినుంచి ఎవరో గట్టిగా అదిలించారు. "హోయ్! హో హోయ్!" ఆగి మళ్లీ అదే గొంతు, అదే కేక. చేను యజమాని ముత్యం కట్టె పట్టుకుని వచ్చాడు.

"పిట్టలు రావొద్దని నేను మైకు పెట్టుకుంటే, మీరు కూర వెట్టి పిలుస్తుండ్రా?"

"జరసేపు బందు చెయ్ తమ్మీ, మా అక్క పదకొండొద్దులు," అన్నాడు లింగమూర్తి.

"మీ అక్క ఒక్కతె వస్తే ఫికర్ లేదు. ఎంబడి మంద వస్తది."

మైకు ఆగింది. ముత్యం అన్నట్టే వచ్చాయి గాని, కాకులు కాదు, కోతులు. పెద్ద కోతి ఆకును అంచులు పట్టుకుని, పెళ్లిలో వడ్డించేవాడిలా ఎత్తుకుపోయింది. వెంకటేశ్ వెంటపడి, కాలువలో జారి, ఒక చెప్పుతో తిరిగి వచ్చాడు.

లింగమూర్తికి చెమటలు పోస్తున్నాయి. "కోతి అంటే అంజన్న గద. ముట్టిందనుకుందాం. ఇంటికి పోయి తిందాం."

"పిట్టకు పెట్టుడంటే పిట్టకే మామా!" మమతారాణి క్యారియరు దగ్గరికి లాక్కుంది. "అవ్వ ఆకలితోని పోవాల్నా?"



క్యారియరులో మిగిలింది ఒక గుడ్డు, రెండు గారెలు, కొంచెం కూర. వాగు దాకా నడిచి, ఒడ్డున రాయి మీద పెట్టారు. ఎదుట చింతచెట్టు మీద కాకి కూర్చుని ఉంది. దిగలేదు. దూరంగా వంతెన మీద బస్సు పోయింది. రాజ్‌కుమార్ దాన్ని చివరిదాకా చూశాడు.

ఇక ఒక్కొక్కరే తమ తప్పులు బయటపెట్టారు. వెంకటేశ్ తాగుడు మానేస్తానన్నాడు. "బీరు సుత?" అని చెల్లె అడిగింది. "బీరు సుత," అన్నాడు, నీళ్లలోకి చూస్తూ. బాసర తీసుకుపోతానని చెప్పి తీసుకుపోనందుకు లింగమూర్తి చెంపలు వేసుకున్నాడు. రాజ్‌కుమార్ చాలాసేపు గొణిగి, "అత్తా, నీ ఫోన్ ఎత్తకుంట మీటింగుల ఉన్ననని చెప్తుంటి. ఏ మీటింగు లేకుండె," అన్నాడు. మమతారాణి భర్తను చూసింది. ఆ చూపుకు ఇంటికి పోయాక జవాబు చెప్పుకోవాలి.

కాకి అన్నీ విన్నది. దిగలేదు.

అందరూ కైలాసం వైపు తిరిగారు.

"నాకేమున్నది? నేనేం తక్వ జేసిన దానికి?"

"తక్వ జేసినవని ఎవలన్నరు బాపూ? ఏమన్న ఉంటే చెప్పు. ఉత్తగనే చెప్పు," అన్నది మమతారాణి.

పన్నెండు దాటింది. లింగమూర్తి కళ్లు తిరిగి ఇసుకలో కూలబడ్డాడు. "బావా, నీకు దండం వెడ్త. నేను సుత పోతే రేపు నాకు వేరే పెట్టాలె."

కైలాసం లేచాడు. రాయి ముందుకు వెళ్లి నిలబడ్డాడు. చెప్పులు విడిచాడు.  చెబితే కొడుకు ముఖం ఎలా ఉంటుందో తెలుసు. చెప్పకపోతే ఆ కాకి అక్కడే ఉంటుంది. అతని ముఖం చూసి అందరూ మాట ఆపేశారు. ఆ కుటుంబం మొత్తంగా నోరు మూసుకోవడం పొద్దుటినుంచి అదే మొదలు.

"గా పొద్దుగాల అది నన్ను..."

ఆ నిశ్శబ్దం కోసమే కూర్చున్నట్టు కాకి చెట్టు దిగింది. కైలాసం కాళ్ల ముందునుంచే గుడ్డు నోట కరుచుకుని వాగు దాటిపోయింది.

"ముట్టింది! ముట్టింది!" మమతారాణి ఏడుస్తూ అన్నను పట్టుకుంది. లింగమూర్తి అప్పటికే రెండు గారెలలో ఒకటి నోట్లో పెట్టుకున్నాడు.

"నేను చెప్పేది జర ఇనుండ్రి," అన్నాడు కైలాసం.

"ఇంకేమున్నది బావా," అన్నాడు లింగమూర్తి నిండిన నోటితో. "నీ మీద అక్కకు ఏం కోపం లేదు. ముట్టింది గద."

అందరూ ఇంటి దారి పట్టారు. కైలాసం ఆ రాయి ముందే నిలబడ్డాడు.

ముప్పై ఆరేళ్ల కాపురంలో బాలలక్ష్మి భర్త మాటకు అడ్డం రావడం అదే మొదటిసారి.